పిల్లి బొమ్మకు ఒక పూట ఇవ్వండి

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల విద్యాశాఖాధికారులకు బహిరంగ లేఖ



మీ మూడు జిల్లాల ప్రభుత్వ బడుల్లో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లల చేత ఏడాదికి ఒక్క పూట పిల్లి బొమ్మలు చేయించమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. పిల్లి బొమ్మ అంటే పిల్లి ఆకారంలో ఉండే బొమ్మ అనుకునేరు, నేనంటున్నది పిల్లి ఆడుకునే బొమ్మ. పాత నూలు గుడ్డ, మక్కకంకి పొరలు, కందికట్టె, అట్టపెట్టె, గుడ్ల ట్రే ఉంటే చాలు, పైసా ఖర్చు లేదు. ఇందుకు కొత్త పథకమూ అక్కర్లేదు. 2020 జాతీయ విద్యా విధానం ఈ మూడు తరగతుల కాలంలో పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా బడికి వచ్చి, ఊళ్ళోని చేతిపనివాళ్ళ దగ్గర పని నేర్చుకోవాలని చెప్పింది. బొమ్మలతో పాఠం చెప్పడాన్ని అదే విధానం ప్రోత్సహించింది. 2021 ఫిబ్రవరి 27 నుంచి మార్చి మొదటి వారం దాకా దేశమంతటికీ కలిపి ఆన్‌లైన్‌లో బొమ్మల జాతర కూడా జరిగింది. అంటే చోటు ఉంది, సమయమూ ఉంది. ఆ పది రోజుల్లో ఒక పూటను పిల్లి బొమ్మకే ఎందుకు ఇవ్వాలన్నదే ప్రశ్న. నా జవాబు రెండు ముక్కల్లో చెప్తాను. పిల్లి ఉన్న ఇంట్లో పిల్లవాడి చేతికి గోరు తగలకుండా ఉండాలన్నా, పిల్లి కడుపులోకి దారం పోకుండా ఉండాలన్నా, ఎలాంటి వస్తువుతో ఆడించాలో ఆ ఇంట్లో ఒక్కరికైనా తెలియాలి. తెలుసుకోవడానికి అందరికంటే ఎక్కువ ఉత్సాహం ఉండేది పన్నెండేళ్ళ పిల్లలకే.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని మనవాళ్ళు ఊరికే అనలేదు. పిల్లి ఆట, వేట ఒకటేనని సామెత పుట్టించిన వాళ్ళు కళ్ళారా చూశారు. పొంచి కూర్చోవడం, కదలికను కనిపెట్టడం, ఒక్కసారిగా దూకడం, ముందుకాళ్ళతో ఒడిసిపట్టి వెనకకాళ్ళతో తన్నడం, కొరకడం: ఎలుక దొరికినా, గుడ్డముక్క దొరికినా వరస ఇదే. ఇంగ్లండ్‌లో సారా హాల్, జాన్ బ్రాడ్‌షా 1998లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతినే కొలిచి చూపించింది. ఆకలితో ఉన్న పిల్లి బొమ్మతో మరింత గట్టిగా ఆడింది, మామూలుగా జంకే పెద్ద బొమ్మ మీదికి కూడా వెళ్ళింది. ఆట అంటే పొట్ట నిండాక వచ్చే కులాసా అయితే ఇది తిరగబడి ఉండాలి. కాబట్టి పిల్లి ఆట దాని ఒంట్లో ఉన్న అవసరం. ఆ అవసరం తీరే దారి లేని ఇంట్లో నడిచే మనిషి మడమ, కదిలే చీరకుచ్చు, పాకే పసిబిడ్డ వేళ్ళు దానికి ఎరగా కనిపిస్తాయి. పిల్లికూనను వేళ్ళతో గిల్లి, అరచేతితో దొర్లించి ఆడించే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. కూనగా ఉన్నప్పుడు ఆ కొరుకుడు ముద్దుగానే ఉంటుంది. చెయ్యి అంటే పట్టుకుని కొరకాల్సిన వస్తువు అని అది నేర్చుకున్నాక, ఆరు నెలలకు అదే కొరుకుడుకు నెత్తురొస్తుంది. అప్పుడు దెబ్బలు తినేది పిల్లి.

దారం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది గద్వాలకు దగ్గరి విషయం. పిల్లి నాలుక మీద గరుకుగా తగిలే ముళ్ళన్నీ గొంతువైపుకే వంగి ఉంటాయి. ఎముకల మీది మాంసం గీకడానికి, ఒళ్ళు దువ్వుకోవడానికి అవి ఉపయోగం. కానీ దారం నోట పడితే ఆ ముళ్ళు దాన్ని లోపలికే తోస్తాయి, ఉమ్మేయడం దానికి చాలా కష్టం. మింగిన దారం ఒక కొన నాలుక అడుగునో, కడుపులోనో చిక్కుకుని, రెండో కొన పేగులోకి దిగుతుంది. పేగు కదులుతుంది, దారం కదలదు. లంగా బొందు లాగితే నడుము గుడ్డ కుచ్చిళ్ళు పడినట్టు పేగంతా ఆ దారం మీద ముడుచుకుపోతుంది, బిగిసిన దారం పేగుగోడను కోస్తుంది. బయటికి కనిపించేది వాంతులు, తిండి మానేయడం, ఒక మూలన ముడుచుకుని పడుకోవడం మాత్రమే. చాలాసార్లు ఆపరేషన్ తప్ప వేరే దారి ఉండదు. నోట్లోంచో వెనకనుంచో దారం కొన వేలాడుతుంటే జాలిపడి లాగడం అన్నిటికంటే ప్రమాదం, లోపల పేగు తెగుతుంది. వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలి. ఇప్పుడు నేత ఇంటిని తలుచుకోండి. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు, వాటిలో జరీ. మగ్గం ఉన్న ఇంట్లో కండెల మీద, నాడెలో, పడుగు తెగి అతికిన చోట, గుంట పక్కన నేల మీద దారం లేని చోటు ఉండదు. జరీ పోగు మెరుస్తూ కదులుతుంది, పిల్లి కంటికి అంతకంటే ఆకర్షణ ఏముంది? మగ్గం లేని ఇళ్ళలో పూలదండ దారం, కుట్టుమిషను కింద పడిన ముక్కలు, గాలిపటం దారం, తండాల్లో పూసలు, అద్దాలు కుట్టే దారాలు ఉంటాయి. పిల్లిని ఆడించాలనగానే అందరికీ తోచేది కూడా దారానికి ఏదో కట్టి ఊపడమే. ఆ మొదటి ఆలోచనను మార్చడానికే బడిలో ఒక పూట కావాలి.

బొమ్మ ఒకటి ఎలా తయారవుతుందో చూపిస్తాను. పాత నూలు పంచెలోంచి జానెడు చదరం ముక్క ఒకటి, రెండు వేళ్ళ వెడల్పున మూరెడు పట్టీ ఒకటి కత్తిరించాలి. ముక్క మధ్యలో, మక్కకంకి ఒలిచినప్పుడు వచ్చే పొరలను బాగా ఎండబెట్టి చేత్తో నలిపి పెట్టాలి. అవి గలగలమంటాయి, ఎండుటాకుల్లో ఎలుక నడిచినట్టు. బరువు తక్కువగా, కొంచెం ఒత్తుగా ఉండాలంటే జొన్నసొప్ప బెండు రెండు ముక్కలు చేర్చవచ్చు. బెండు పైన ఉండే ఈనె బ్లేడులా కోస్తుంది కాబట్టి దాన్ని ఉపాధ్యాయులే ఒలిచి ఇవ్వాలి. ఆ ఈనె పుల్ల ఒక్కటి కూడా బొమ్మలోకి పోకూడదు. ఇక సద్దిమూట కట్టినట్టు ఎదురెదురు చెంగులు రెండేసి ముడులు బిగించాలి. దారం లేదు, సూది లేదు, గుండీ కళ్ళు లేవు, గజ్జెలు లేవు. మూట నిమ్మకాయ కంటే కాస్త పెద్దగా ఉంటే మింగలేదు, నోట కరుచుకుని మోయగలదు. పట్టీ ఒక చివర మూటకు, ఇంకో చివర రెండు మూరల కందికట్టెకు కట్టాలి. కట్టె మొనను గచ్చు మీద రుద్ది గుండ్రం చేయాలి. ఇంతే. సొప్పబెండుతో బండ్లూ కళ్ళజోళ్ళూ చేసుకుని ఆడిన నాయనమ్మలు ఇంకా మీ ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళలో ఒకరిని ఆ పూట బడికి పిలిస్తే చేతిపని నేర్పే మనిషి కోసం వెతుక్కోనక్కర్లేదు.

చేయడం ఎంతో, ఆడించడం అంతే. బొమ్మను పిల్లి మొహం మీదికి తోస్తే అది వెనక్కి తగ్గుతుంది, ఎందుకంటే ముక్కుకు జానెడు లోపల ఉన్నది దాని కంటికి తేటగా ఆనదు. ఏ ఎలుకా పిల్లి మీదికి ఎదురొచ్చి నిలబడదు కూడా. బొమ్మ పిల్లికి దూరంగా పారిపోవాలి, చాప అంచున దాగాలి, ఒక క్షణం ఆగాలి, మళ్ళీ కొద్దిగా కదలాలి. నాలుగుసార్లకు ఒకసారైనా దొరకాలి. చివర్లో ఇంత తిండి పెట్టి ఆట ముగించి, కట్టెను అందకుండా గూట్లో పెట్టేయాలి. పట్టీ వెడల్పుగా ఉన్నా గుడ్డే కాబట్టి, మనిషి లేనప్పుడు నమలడానికి దాన్ని వదలకూడదు. ముడి వదులైతే ఆ రోజే మార్చాలి.

ఏది వాడాలో ఎంత చెప్పాలో, ఏది వాడకూడదో అంతకంటే గట్టిగా చెప్పాలి, ముఖ్యంగా నడిగడ్డలో. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న ఆ నేల పత్తి విత్తనోత్పత్తికి పేరుపడింది. అక్కడి ఇళ్ళలో ఖాళీ మందుడబ్బాలు, రంగు పూసిన విత్తనాల సంచులు చేతికందే దూరంలో ఉంటాయి. గలగలమనే బొమ్మ చేయాలంటే ఖాళీ డబ్బాలో నాలుగు గింజలు వేయడం పిల్లలకు సహజంగా వచ్చే ఆలోచన. ఆ డబ్బా పురుగుమందుదైతే, ఆ గింజలు మందు పట్టించిన పత్తిగింజలైతే పిల్లికే కాదు, చేసే బిడ్డకే ముప్పు. గింజలు కావాలంటే చింతగింజలున్నాయి, అవీ మూత గట్టిగా బిగిసిన తాగునీటి సీసాలోనే. ఇంకొక మాట. గోడల వెంట మొలిచే కుప్పింటాకు మొక్క వేరు పిల్లులకు మత్తెక్కించినంత ఇష్టం. విదేశాల్లో పిల్లి బొమ్మల్లో కూరే క్యాట్‌నిప్ లాంటి పని అది చేస్తుంది. అయితే ఆ మొక్కలో సైనైడ్ పుట్టించే పదార్థం ఉంది, పిల్లల చేతిపనిలో దానికి చోటివ్వకండి.

గుడ్ల ట్రే గురించి ప్రత్యేకంగా చెప్పాలనుంది. మధ్యాహ్న భోజనం వండే ప్రతి బడిలోనూ అవి పోగుపడతాయి. శుభ్రంగా, పొడిగా ఉన్న ట్రే గుంటల్లో చిన్న చిన్న తిండి ముక్కలు, ఉడికిన గుడ్డు పొడో ముళ్ళు తీసిన ఎండుచేప తునకలో వేసి, కొన్ని గుంటలను కాగితపు ఉండలతో కప్పితే పిల్లి పంజాతో ఒక్కొక్కటే తీసి తింటుంది. అర నిమిషంలో అయిపోయే తిండికి చాలాసేపు పడుతుంది. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూర మాత్రం అందులో వేయవద్దు, పిల్లి నెత్తురుకు అవి విషం.

ఇందులో చదువు ఎక్కడుందని మీరు అడగవచ్చు. చాలా చోట్ల చేతిపని పీరియడులో చేసిన వస్తువు మార్కులు పడగానే అటకెక్కుతుంది. పిల్లి బొమ్మకు మార్కులు వేసేది పిల్లి. దానికి మొహమాటం లేదు. నచ్చకపోతే మూతి తిప్పుకుని వెళ్ళిపోతుంది. అప్పుడు ఆ బిడ్డ ఎందుకని ఆలోచించాలి. మూట పెద్దదయిందా, చప్పుడు లేదా, కదలిక తప్పా, ఆడించిన వేళ తప్పా? ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి, ఎన్ని నిమిషాలు ఆడిందో నోటుబుక్కులో రాయాలి. సైన్సు పుస్తకం ప్రయోగం అని పిలిచేది దీన్నే. హాల్, బ్రాడ్‌షా బృందమే 2002లో ఇంకో సంగతి బయటపెట్టింది. ఒకే బొమ్మను మళ్ళీ మళ్ళీ ఇస్తే పిల్లికి త్వరగా విసుగు పుడుతుంది, రంగో రూపమో మారిన బొమ్మ ఇవ్వగానే ఆట మళ్ళీ లేస్తుంది. అంటే విసుగు ఆట మీద కాదు, ఆ బొమ్మ మీద. ఆ ప్రయోగానికి పరిశోధనశాల అక్కర్లేదు. ఎడమచేత్తో బొమ్మా కుడిచేత్తో పెన్సిలూ పట్టుకున్న ఏడో తరగతి పిల్ల అచ్చంపేటలోనో పెబ్బేరులోనో ఒక వారంలో చేసి చూపించగలదు. తనలా మాట్లాడలేని ప్రాణికి ఏం కావాలో చూపుతోనే కనిపెట్టడం ఆ పిల్ల జీవితమంతా పనికొచ్చే విద్య.

నా మాటకు వచ్చే అభ్యంతరాల్లో బలమైనది రేబిస్. బడే పిల్లలను పిల్లుల దగ్గరికి పంపితే రేపు ఒక బిడ్డకు గాటు పడితే ఎవరు జవాబుదారీ? ఈ భయం న్యాయమైనదే. కుక్కల ద్వారా వచ్చినంతగా కాకపోయినా పిల్లుల ద్వారానూ రేబిస్ వస్తుంది, వచ్చాక బతకడం అనేది దాదాపు లేదు. కానీ పల్లెల్లో చాలా ఇళ్ళలో పిల్లి ఇప్పటికే ఉంది, పిల్లలు దానితో ఆడుతూనే ఉన్నారు, చేతులతో ఆడుతున్నారు. బడి మౌనంగా ఉన్నంత మాత్రాన ఆ ఆట ఆగదు. రెండు మూరల కట్టె ఆ చేతినీ ఆ పళ్ళనూ ఎడంగా ఉంచుతుంది. అదే పూట నాలుగు మాటలు పిల్లలకు కంఠతా రావాలి. ఇంట్లో పెరిగే, తెలిసిన పిల్లితోనే ఆడాలి. వీధి పిల్లినీ, పిల్లలు పెట్టిన తల్లినీ కదిలించకూడదు. నెత్తురు రాని గీరుకైనా పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, పసుపో కారమో పెట్టకుండా, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. టీకా మొదటి రోజు, అప్పటినుంచి మూడు, ఏడు, ఇరవై ఎనిమిది రోజులకు వేయించుకోవాలి, నెత్తురు వచ్చిన గాయమైతే గాయంలోనే వేసే సీరం కూడా అవసరం. తిడతారని గీరును దాచిపెట్టే పిల్లలకు ఇది చెప్పే చోటు బడి కాకపోతే ఇంకెక్కడ? నాగర్‌కర్నూల్ జిల్లాకు ఇంకొకటి చేర్చాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం అంచున ఉన్న ఊళ్ళలో పొలం గట్టున దొరికిన పిల్లికూన ఊరి పిల్లిదే అని చెప్పలేం. నల్లమలలో ఒంటిమీద తుప్పురంగు మచ్చలుండే అడవి పిల్లి ఉంది. ప్రపంచంలోని అతి చిన్న పిల్లిజాతుల్లో ఒకటి, పెద్దదైనా కిలోన్నరకు అటూ ఇటూ. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో దానికి రక్షణ ఉంది. అలాంటి కూనను ఉన్నచోటనే వదిలేయాలని పిల్లలకు తెలియాలి.

రైతు ఇంటి నుంచి వచ్చే అభ్యంతరం వేరు. పిల్లిని పెంచేది ఎలుకల కోసం, బొమ్మలకు మరిగితే పల్లికాయ బస్తాలను ఎవరు కాస్తారు? దీనికి ఉన్నదున్నట్టు జవాబు చెప్పాలి. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వారు 2021లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రోజూ ఐదు పది నిమిషాలు బొమ్మతో ఆడించిన పెంపుడు పిల్లులు ఇంటికి తెచ్చే వేట 25 శాతం తగ్గింది. కాబట్టి ఆట వల్ల వేట కొంత తగ్గవచ్చని నేను ఒప్పుకుంటాను. అయితే అవి నిండుగా తిండి దొరికే ఇళ్ళ పిల్లులు. పైగా తగ్గినా ముప్పాతిక వంతు వేట మిగిలే ఉంది. ఇక పిల్లి ఎలుకలను ఎంత అదుపు చేస్తుందన్నది మనం అనుకున్నంత కాదు. న్యూయార్క్‌లో ఒక చెత్త శుద్ధి కేంద్రంలో పరిశోధకులు 79 రోజులు కెమెరాలు పెట్టి చూస్తే పిల్లులు చంపినవి రెండే రెండు పెద్ద ఎలుకలు. మన ఇళ్ళలోనూ చుంచెలుకను పట్టే పిల్లి పందికొక్కు ఎదురైతే పక్కకు తప్పుకుంటుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లికాయ బస్తాలకు ఆ పందికొక్కులూ నష్టం చేస్తాయి. వాటికి బోన్లు, బొరియలు పూడ్చడం, నేలకు ఎత్తుగా బస్తాలు పేర్చడం కావాలి. పిల్లి మీద భారం వేసి ఊరుకుంటే బస్తాలు దక్కవు. అడవి అంచు ఊళ్ళలో ఉడతలు, తొండలు, పిట్టలు ఆ పాతిక శాతం బతికిపోయినా మంచిదేనని నా అభిప్రాయం.

మనుషుల బిడ్డలకే బొమ్మలు లేని చోట పిల్లికి బొమ్మలా అనే మాట కూడా వినిపిస్తుంది. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఈ బొమ్మ బిడ్డ నోటి దగ్గరిది ఏదీ తీసుకోదు. పారేసే గుడ్డ, పొయ్యిలో పెట్టే కట్టె, చెత్తలో పోయే ట్రే. దాన్ని చేసే చేతులు, దానితో పరిగెత్తే కాళ్ళు బిడ్డవే, ఆడేది ఇద్దరూ. కొనుక్కోగలిగిన వాళ్ళకూ ఈ చదువు కావాలి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది, అయితే అది పద్నాలుగేళ్ళలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకే. పిల్లి కోసమని అమ్మే ఈక, గజ్జె, ఎలాస్టిక్ దారం ఆ తనిఖీ కిందికి రావు. ఊడిపోయే ముక్క ఏదో, మింగే దారం ఏదో ఒకసారి చేసి నేర్చుకున్న బిడ్డ దుకాణం బొమ్మను కూడా చేత్తో లాగి చూసి మరీ కొంటుంది. ప్రాణుల పట్ల దయ చూపడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగంలో 51ఏ(జి) అధికరణం చెప్తోంది. ఆ వాక్యాన్ని సాంఘికశాస్త్రంలో బట్టీపట్టే పిల్లలకు దయ అంటే ఫలానా పని అని చేతులతో చేసి చూసే అవకాశం ఎన్నిసార్లు దొరుకుతుంది? ఉపాధ్యాయులకు పనిభారం ఎక్కువే, అందుకే ఏడాదికి ఒక్క పూట అంటున్నాను.

నేను కోరేది ఇది. జులై 6ను ప్రపంచ జూనోసిస్ దినంగా, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినంగా పాటిస్తారు. 1885లో అదే తేదీన లూయీ పాశ్చర్ ఒక బాలుడికి రేబిస్ టీకా మొదటిసారి వేయించాడు. బళ్ళు తెరిచి కొన్ని వారాలైన ఆ రోజు చుట్టూ ఒక పూట చూసుకుని, మండల పశువైద్యుడిని, గద్వాల వైపు అయితే ఒక నేతకారుణ్ణి, మిగతా చోట్ల సొప్పబెండు పని తెలిసిన ఒక పెద్దమ్మను బడికి పిలిపించండి. దారం ముక్కలను మూత ఉన్న డబ్బాలో వేసే అలవాటు నేతకారుడి నోటివెంటే వస్తే పిల్లలకు నాటుతుంది. పిల్లులకు మూడు నెలల వయసు దాటాక రేబిస్ టీకా వేయించాలన్న మాట పశువైద్యుడు చెప్తే తల్లిదండ్రులు నమ్ముతారు. మొదటి ఏడాది జిల్లాకు పది బడులతో మొదలుపెట్టినా చాలు. పాత పంచెలు ఇళ్ళలో ఉన్నాయి, కందికట్టెలు చేలల్లో ఉన్నాయి, గుడ్ల ట్రేలు మీ బడుల వంటగదుల్లోనే ఉన్నాయి. మీ సంతకంతో ఒక ఉత్తర్వు రావడమే మిగిలింది.

ఇట్లు,
భవదీయుడు